దించని పాకం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఈ మాట ముందే చెప్పకపోతే, కింద రాసింది చదివి "పాపం, వయసు మీద పడింది" అనుకుంటారు. నాకు యాభై ఎనిమిది. అమెరికాలో క్యారీ దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. మా ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. ఏది గమనించినా అప్పటికప్పుడు, సమయం వేసి, పెన్నుతో రాయాలి. రాయనిది జరగనట్టే లెక్క. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. మా ఆయన దాన్ని చిత్రగుప్తుడి చిట్టా అంటారు. ఆ చిట్టాయే లేకపోతే, ఇదంతా నా భ్రమ అని నేనే ఈపాటికి కొట్టిపారేసి ఉండేదాన్ని.

మాది అనకాపల్లి దగ్గర ఒక పల్లె. నాన్న బెల్లం వండేవాడు. చెరకు రసాన్ని పెద్ద ఇనుప పెనంలో పోసి, మడ్డి విరగడానికి కాస్త సున్నం కలిపి, ఎండిన పిప్పితో మంట పెట్టి గంటల తరబడి మరిగించేవారు. కష్టమంతా ఒక ఎత్తు, పెనం ఎప్పుడు దించాలన్నది ఒక ఎత్తు. ముందు దించితే బెల్లం గట్టిపడదు. ఆలస్యమైతే మాడుతుంది. నాన్న ఆ క్షణాన్ని వాసనతో పట్టేవాడు. పొంగు అణగడానికి కాస్త ఆముదం వేసి, ముక్కు పైకెత్తి నిలబడేవాడు.

ఆయనకు జలుబు చేసిన రోజుల్లో నన్ను పెనం పక్కన నిలబెట్టేవాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నేను "దించు నాన్నా" అని అరవగానే నలుగురు మగవాళ్లు కర్రలు దూర్చి పెనం ఎత్తేవారు. అంతమంది పెద్దవాళ్లు నా మాట విన్న రోజులు మళ్లీ రాలేదు.

ఊళ్లో దయ్యాల కథలకు కొదవ ఉండేది కాదు. నాన్న మాత్రం, ఇన్నేళ్లు పొయ్యి దగ్గర కూర్చున్నా ఒక్క దయ్యమూ వచ్చి గ్లాసుడు రసం అడగలేదని నవ్వేవాడు. నేనూ ఆ తండ్రి కూతురినే.

మూడేళ్ల క్రితం నాకు జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. దానితో పాటు నా ముక్కూ పోయింది. కాఫీ, ఇంగువ, మల్లెపూలు, మాడిన పప్పు, ఏదీ తెలియదు. డాక్టర్లు వేరువేరు వాసనల సీసాలు ఇచ్చి రోజూ పీల్చమన్నారు. ఏడాది పాటు పీల్చాను. నీళ్లు పీల్చినట్టే ఉండేది. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. పోయిన చూపుకి, పోయిన వినికిడికి జనం జాలి పడతారు గానీ, వాసన పోయిందంటే "హమ్మయ్య, డయపర్లు మార్చొచ్చు" అంటారు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం నాన్న ఇచ్చింది పోగొట్టుకున్నానని కుమిలిపోయాను.

పోయిన ఏడాది మా అమ్మాయి సాహితికి పాప పుట్టింది. వాళ్లు శాంటా క్లారాలో ఉంటారు. మా ఇళ్లలో బిడ్డ మొదటి అడుగులు వేసినప్పుడు అరిసెలు చేసి, వరసగా నేల మీద పరిచి, వాటి మీద బిడ్డను నడిపిస్తారు. అడుగులకు అరిసెలు అన్నమాట. నాకు మా అమ్మ చేసింది. సాహితికి నేను చేశాను. మనవరాలికీ నా చేత్తోనే చేయాలని పాప కడుపులో ఉన్నప్పుడే అనుకున్నాను.

అరిసెకు ప్రాణం పాకం. లేతగా ఉంటే నూనెలో విరిగిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. నీళ్లలో చుక్క వేసి ఉండ కట్టి చూడొచ్చు కదా అంటారు. అందరూ చేసేది అదే. కానీ ఆ చుక్క ఎప్పుడు వేయాలో నాకు ముక్కే చెప్పేది. అది పోయాక నేను చుక్క వేసి చూసేసరికి పాకం ముదిరిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. సాహితి ఇంటికి వచ్చాక మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ పాడు చేశాను. మూడోసారి గిన్నె మాడి స్మోక్ అలారం మోగింది. నిద్రలోంచి లేచి పాప గుక్కపెట్టి ఏడ్చింది.

సాహితి కిటికీలు తెరుస్తూ, "అమ్మా, ఇట్స్ ఓకే. స్టోర్‌లో ఆర్డర్ చేద్దాం. పాపకి తెలీదు కదా" అంది.

ఓదార్పుగానే అంది. నాకు మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. పాప అప్పటికే సోఫా పట్టుకుని నిలబడుతోంది. ఇవాళో రేపో అడుగు వేస్తుంది. నా దగ్గర రోజులు లేవు.

ఆ మరుసటి వారం అందరం హవాయిలో బిగ్ ఐలండ్‌కి వెళ్లాం. మా అల్లుడు విక్రమ్‌ది వరంగల్. ఆ టిక్కెట్లు ఎప్పుడో బుక్ చేశాడు. మా ఆయన రాలేదు, మోకాళ్ల నొప్పులతో ఇసుకలో నడవలేనన్నారు. రెండో రోజు వాన పట్టుకుంది. బీచ్ కుదరదని సాహితి ఫోన్‌లో వెతికి, హిలో నుంచి తీరం వెంట పైకి వెళ్తే ఒక పాత షుగర్ టౌన్ ఉందట, నీ కోసమే, వెళ్దాం అంది. అరిసెల విషయంలో నా మొహం చూసి అలా అందని నాకు తెలుసు.

ఊరంటే ఒకటే వీధి. రేకుల కప్పులు, చెక్క ఇళ్లు, మూతపడ్డ సినిమా హాలు. పల్లంలో సముద్రానికి కాస్త ఎగువన చక్కెర ఫ్యాక్టరీ ఉండేదట. మూసేసి ముప్పై ఏళ్లు. ఇప్పుడు పొడుగాటి పొగగొట్టం, గచ్చు నేల, నాలుగు మొండి గోడలు మిగిలాయి. ఒకప్పుడు కొండవాలు మొత్తం చెరకే అన్నారు. ఇప్పుడు గడ్డీ నీలగిరి చెట్లూ. జపాన్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, పోర్చుగల్ నుంచి ఓడల్లో వచ్చిన వాళ్లు ఆ చెరకు కొట్టారు. వాళ్ల ఇళ్ల ముందు నుంచి నడుస్తుంటే నాకు కొత్తచోటు అనిపించలేదు. ఒక ఇంటి గోడకి చెరకు నరికే కత్తి వేలాడుతోంది. కొంచెం వంపు తేడా అంతే, మా ఇంట్లో కత్తే.

పాత ఆసుపత్రి గదిని మ్యూజియం చేశారు. దాన్ని చూసుకునేది లూసీ అనే డెబ్బై ఏళ్లావిడ. ఆ ఊళ్లో అందరూ ఆమెను ఆంటీ అంటారు. పెద్దవాళ్లని ఆంటీ అనడం మన ఒక్కళ్ల అలవాటే అనుకున్న సాహితి తెగ సంబరపడింది. మేం ఫొటోలు, పనిముట్లు చూసి, గోడల మీది కార్డులన్నీ చదివి, ఫ్యాక్టరీ చూసొస్తామని బయల్దేరాం. ఆమెతో మాట్లాడింది అప్పటికి అంతే.

వాన వెలిసింది. చక్కటి మధ్యాహ్నపు ఎండ. మొండి గోడల మధ్యకి వెళ్లి పది నిమిషాలు అయి ఉంటుంది. నాకు ఏదో అయింది. ముందు తల తిరుగుతోందేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. అది వాసన.

మూడేళ్ల తర్వాత మొదటి వాసన. అప్పుడే పిండిన పచ్చి చెరకు రసం. నేను అక్కడే ఉన్న గచ్చు దిమ్మ మీద కూలబడ్డాను.

సాహితిని అడిగాను, నీకేమైనా వాసన వస్తోందా అని. సముద్రం వాసన అంది. విక్రమ్ తడి గడ్డి అన్నాడు, పాప డయపర్ కూడా అన్నాడు. చెరకు వాసన ఇద్దరికీ లేదు. నోట్‌బుక్ తీశాను. రెండూ నలభై, పచ్చి చెరకు అని రాశాను.

వాసన పోయిన వాళ్లకి ఒక్కోసారి లేని వాసనలు వస్తాయి. నాకు డాక్టర్ ముందే చెప్పారు. ఎక్కువగా కుళ్లు, పొగ, కాలిన రబ్బరు. నాది కూడా అలాంటిదేనేమో చూద్దామని లేచి రోడ్డు దాకా నడిచాను. వాసన లేదు. వెనక్కి వచ్చాను. ఉంది. తూర్పు మూల నాలుగు తుప్పు బోల్టులున్న దిమ్మ దగ్గర మరీ ఎక్కువగా ఉంది. బుర్రలో పుట్టిన వాసనైతే నాతో పాటే రోడ్డు మీదికీ రావాలి కదా.

విక్రమ్‌కి ఈ సంగతి భలే సరదాగా అనిపించింది. సాఫ్ట్‌వేర్‌వాడు, పరీక్షలంటే ఇష్టం. నా చున్నీతో కళ్లకు గంతలు కట్టి, నన్ను అటూ ఇటూ తిప్పి, చెయ్యి పట్టుకుని ఆ నేలంతా నడిపించాడు. వాసన బాగా వచ్చిన చోట ఆగమన్నాడు. ఆగిన చోట ఒక రాయి పెట్టాడు. మూడుసార్లు చేశాం. గంతలు విప్పి చూస్తే మూడు రాళ్లూ ఆ నాలుగు బోల్టుల దిమ్మ పక్కనే, అడుగు దూరంలో ఉన్నాయి.

విక్రమ్ వాటినే చూస్తూ, "అత్తమ్మా, నేనైతే మిమ్మల్ని ఇటు దిక్కు తీసుకరాలే. మీరే నన్ను గుంజుకొచ్చిన్రు" అన్నాడు. ఆ తర్వాత అతను నవ్వలేదు.

ఈలోగా వాసన మారుతోంది. నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను. రెండూ యాభై ఐదు, సున్నం. మూడూ ఐదు, చిక్కబడుతోంది. పొగ లేదు. ఇంకేదో నూనె. ఆముదం కాదు. కొబ్బరి నూనె?

పొగ లేదన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నా జ్ఞాపకంలో బెల్లం వాసనకి ముందు పొగ వస్తుంది, తర్వాతే తీపి. నా చిన్నతనం తిరిగొచ్చిందే అయితే పొగ లేకుండా రాదు. ఆముదం ఉండాల్సిన చోట కొబ్బరి నూనె రాదు. ఇది మా నాన్న పెనం కాదు. ఎవరిదో వేరే పాకం మరుగుతోంది.

భయం వేసిందా అని తర్వాత చాలామంది అడిగారు. భయం కాదు. చిన్నప్పుడు మొదటిసారి సముద్రం చూసినప్పుడు నోట మాట రాక నిలబడ్డాను. అలాగే ఉంది. తీపి నా చుట్టూ పొరలు పొరలుగా చిక్కబడుతుంటే, మూడేళ్లుగా మూసుకుపోయిన తలుపు ఎవరో తెరిచి లోపలికి రమ్మన్నట్టుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మూడుంబావు దాటాక ఆ క్షణం వచ్చింది. నాన్న తల పైకెత్తే క్షణం. పాకం అయిపోయింది. ఇక ఆగకూడదు. నేను ఎదురు చూశాను. ఎవరూ దించలేదు. వాసన అంచున సన్నగా మాడు మొదలైంది. ఆ పాకం పాడైపోతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు.

"దించు! దించేయ్!" అని అరిచాను. తొమ్మిదేళ్ల పిల్ల గొంతుతో అరిచానని సాహితి అంటుంది.

వాసన ఆగిపోయింది. మెల్లగా తగ్గడం కాదు. పెనం ఎత్తి పక్కకి తీసుకెళ్లిపోయినట్టు ఒక్కసారిగా ఆగింది. ఎంత పీల్చినా మళ్లీ అదే శూన్యం. గడ్డి లేదు, సముద్రం లేదు. మూడూ ఇరవై రెండు, దించమన్నాను, ఆగింది అని రాసి సంతకం పెట్టాను. సంతకం ఎందుకు పెట్టానంటే, అలవాటు.

తిరిగి మ్యూజియానికి వెళ్లాం. లూసీ ఆంటీకి ముందుగా ఏమీ చెప్పొద్దని పిల్లలిద్దరికీ గట్టిగా చెప్పాను. జవాబు మనమే అందిస్తూ ప్రశ్న అడిగితే అది పరీక్ష కాదు. తూర్పు మూల నాలుగు బోల్టుల దిమ్మ మీద ఒకప్పుడు ఏముండేదని మాత్రం అడిగాను.

చక్కెర పాకం వండే పాత్ర అంది. అక్కడ తన తండ్రి నలభై ఏళ్లు పని చేశాడంది. మూతలున్న పెద్ద పాత్రలు, కట్టెల మంట కాదు, ఆవిరితో మరిగించేవారు. నా నోట్‌బుక్‌లో పొగ లేదన్న ముక్క గుర్తొచ్చింది. పొంగు రాకుండా ఏమైనా వేసేవారా అని అడిగాను.

ఆవిడ నవ్వింది. కంపెనీ డబ్బాల్లో ఏదో ఇచ్చేదట గానీ ఆయనకు దాని మీద నమ్మకం లేదట. చొక్కా జేబులో ఖాళీ మందు సీసా నిండా కొబ్బరి నూనె పట్టుకెళ్లి, ఎవరూ చూడకుండా రెండు చుక్కలు వేసేవాడట. వంటింట్లో నూనె మాయమవుతోందని వాళ్లమ్మ రోజూ పోట్లాడేదట.

సాహితి నా భుజం పట్టుకుంది. విక్రమ్ నా చేతిలోంచి నోట్‌బుక్ తీసుకుని ఆవిడ ముందు పెట్టి, తెలుగులో ఉన్నదాన్ని వేలితో చూపిస్తూ ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెప్పాడు. మూడూ ఐదు దగ్గర ఆగి, కొబ్బరి నూనె అన్న మాట రెండుసార్లు చెప్పాడు.

ఆవిడ ఆ ముక్క మీద వేలు పెట్టి ఉంచింది. తర్వాత ఆఖరి రోజు సంగతి చెప్పింది. ఫ్యాక్టరీ మూసేస్తున్నారని అందరికీ తెలుసు. ఆఖరి పాకం మరుగుతోంది. చూడటానికి ఊరంతా వచ్చింది. పాత్ర అడుగు మూత తెరిచి పాకం దించమని చెప్పాల్సింది లూసీ తండ్రే. పాత్ర మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. సమయం అయింది, దాటుతోంది. ఆయన నోరు పెగల్లేదు. ఆ మాట అంటే అంతా అయిపోతుంది మరి. చివరికి అన్నం డబ్బా తీసుకుని బయటికి నడిచి వెళ్లిపోయాడు. ఎవరో వేరే అతను దించేశాడు. కానీ ఆయన అది ఒప్పుకోలేదు. పోయేదాకా, అన్నం తింటూ తింటూ ఆగి, పాకం ఇంకా మరుగుతూనే ఉంది, నేను దించమనలేదు కదా అనేవాడట.

నన్ను ఒకే ఒక్కటి అడిగింది. నువ్వు అన్న మాట ఏమిటి అని.

"దించు" అన్నాను.

ఆవిడ ఆ మాటను తన నోటితో రెండుసార్లు పలికింది. తర్వాత కళ్లద్దాలు తీసి, "పౌ" అంది. అయిపోయింది అనడానికి అక్కడి మాట అదట. మేం వెళ్లేటప్పుడు నన్ను దగ్గరికి తీసుకుని నుదుటికి నుదురు ఆనించింది.

హోటల్‌కి రాగానే కాఫీ కలుపుకుని వాసన చూశాను. ఏమీ లేదు. ఆ రాత్రి విక్రమ్ ఫొటో తీసిన మ్యూజియం కార్డులన్నీ వరసగా మళ్లీ చదివాను, ఎక్కడైనా కొబ్బరి నూనె ప్రస్తావన ఉండి నా బుర్రలో ఉండిపోయిందేమోనని. లేదు. నా డాక్టర్‌కి ఫోన్ చేస్తే, నరాలు కోలుకుంటున్నప్పుడు ఒక్కో వాసన వచ్చి పోవచ్చన్నారు. మరి కొబ్బరి నూనె సంగతేమిటంటే, అపాయింట్‌మెంట్ తీసుకోండి అన్నారు.

మేం శాంటా క్లారాకి తిరిగొచ్చిన పదో రోజున పాప సోఫా వదిలి నాలుగు అడుగులు వేసి నా చీర పట్టుకుంది. నేను సంతోషించాను, వెంటనే దిగులు పడ్డాను. స్టోర్‌కి ఆర్డర్ పెట్టమని నేనే అన్నాను.

సాహితి ఒప్పుకోలేదు. "ఆర్డర్ వద్దు అమ్మా. నువ్వే చెయ్యి. పాడైతే పాడవనీ, పాప నీ అరిసెల మీదే నడుస్తుంది" అంది.

ఆ రాత్రి బియ్యం నానబోశాను. మర్నాడు పిండి కొట్టించి, జల్లించి, స్టవ్ మీద బెల్లం పెట్టాను. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకున్నాను, కనీసం చుక్క వేసి చూద్దామని. కరిగింది, పొంగింది, బుడగలు వచ్చాయి. నాకు వేడి తప్ప ఇంకేదీ తెలియడం లేదు. మళ్లీ మాడుస్తానన్న భయంతో గరిటె ఆపకుండా తిప్పాను.

అప్పుడు వచ్చింది. ఒకే ఒక్క ఊపిరి. చిక్కటి పాకం, దాని వెనకే కొబ్బరి నూనె.

"దించు" అన్నాను. సాహితి తటాలున గిన్నె దించింది. నీళ్లలో చుక్క వేసి చూస్తే మెత్తగా ఉండ కట్టింది. మా అమ్మకి కూడా అంత బాగా కుదరలేదేమో.

ఆ ఇంట్లో కొబ్బరి నూనె లేదు. పాపకి నువ్వుల నూనే రాస్తారు. అయినా నేనూ విక్రమూ ప్రతి అర, ప్రతి సీసా వెతికాం. దొరకలేదు.

తొమ్మిది అరిసెలు వరసగా పరిచాం. పాప మూడింటి మీద నడిచి, నాలుగోదాని మీద కూర్చుని, దాన్నే తీసి తినడం మొదలుపెట్టింది. వీడియోలో మా ఆయన క్యారీలో ఒక్కరే కూర్చుని చప్పట్లు కొట్టారు. ఒక డబ్బాలో విడిగా తీసిన ఆరు అరిసెలు పెట్టి లూసీ ఆంటీకి పోస్ట్ చేశాం.

నేను ఇప్పటికీ కాఫీ వాసన చూడలేను. మల్లెపూలూ అంతే. దయ్యాల మీద నమ్మకమూ రాలేదు. జరిగిన దాన్ని ఏమనాలో నాకు తెలియదు, తెలిసిన వాళ్లెవరైనా చెబితే వింటాను. నోట్‌బుక్‌లో మాత్రం అరిసెలు చేసిన రోజు పేజీ ఇలా ఉంది. పదకొండూ పది, పాకం కుదిరింది, కొబ్బరి నూనె. ఈసారి ప్రశ్నార్థకం పెట్టలేదు.